చెన్నైలో ప్లాస్టిక్ సర్జరీ: డాక్టర్ని వెతకడం నుంచి మచ్చ మానేదాకా

మా అమ్మమ్మకి విషయం తెలిసిన రోజు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట: "పొట్టలో ప్లాస్టిక్ పెడతారా అమ్మాయ్?" నవ్వాను గానీ, ఆ అనుమానం ఆమె ఒక్కదానికే కాదు. ఇందులో ప్లాస్టిక్ ఏమీ ఉండదు. మలచడం అనే అర్థం ఉన్న గ్రీకు మాట నుంచి ఆ పేరు వచ్చింది. మనం బకెట్లు చేసుకునే ప్లాస్టిక్ పుట్టకముందే డాక్టర్లు ఆ మాట వాడారు.

నాకు రెండు సిజేరియన్లు. రెండో కాన్పు తర్వాత పొట్ట కండరాలు మధ్యలో విడిపోయాయి. ఎంత నడిచినా, ఎన్ని వ్యాయామాలు చేసినా పొట్ట లోపలికి పోలేదు. బస్సులో లేచి సీటిచ్చేవాళ్లు, "ఎన్నో నెల?" అని అడిగేవాళ్లు. చివరికి చెన్నైలోనే టమ్మీ టక్, అంటే సాగిన చర్మం తీసి, విడిపోయిన కండరాలను కుట్టి పొట్టను సరిచేసే ఆపరేషన్, చేయించుకున్నాను. అది తెలిసినప్పటి నుంచి నెల్లూరు, సూళ్లూరుపేట, తిరుపతి నుంచి చుట్టాలూ చుట్టాల స్నేహితులూ ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు: "మంచి డాక్టర్ పేరు చెప్పు."

పేరు చెప్పను. నా పొట్టకి సరిపోయిన డాక్టరు మీ ముక్కుకి సరిపోకపోవచ్చు. పేరుకి బదులు నేను వెతికిన పద్ధతి చెబుతాను, ఆ తర్వాత ఇంట్లో గడిచే వారాల సంగతి చెబుతాను. ఆపరేషన్ జరిగే మూడు గంటలూ మనం మత్తులో ఉంటాం. ఆ తర్వాతి నెలలన్నీ మెలకువగానే గడపాలి.

1. ఎవరి కోసం, ఎప్పుడు

ఒక కాగితం మీద ఒక్క వాక్యం రాసుకోండి: నాకు ఇబ్బందిగా ఉన్నది ఫలానాది, ఇన్నేళ్లుగా. "అందంగా కనిపించాలి" అని రాస్తే ఏ డాక్టరూ ఏమీ చేయలేరు. "ముక్కు మీద ఎముక ఎత్తుగా ఉంది" అంటే మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఇతరులకు కనిపించనంత చిన్న లోపం గురించి మీరు రోజుకి గంటలకొద్దీ అద్దం ముందు నిలబడుతుంటే, ముందు సైకియాట్రిస్ట్‌ని కలవండి. అదొక గుర్తింపు ఉన్న సమస్య. సర్జరీతో అది తగ్గదు, చాలాసార్లు ఇంకో చోటికి మారుతుంది.

లైపోసక్షన్ బరువు తగ్గించే ఆపరేషన్ కాదు. డైట్‌కీ నడకకీ లొంగని చోట కొవ్వు తీసి ఆకారం సరిచేస్తారు, అంతే. బరువు ఇంకా మారుతూ ఉంటే ఆగండి. ఇంకో బిడ్డను కనే ఆలోచన ఉంటే టమ్మీ టక్ వాయిదా వేయండి, కుట్టిన కండరాలు మళ్లీ సాగుతాయి.

ఇంకో మాట. పెళ్లి ముహూర్తం పెట్టుకుని నెల ముందు అమ్మాయిని ముక్కు సర్జరీకి తీసుకొచ్చే తల్లిదండ్రులను వెయిటింగ్ హాల్లో స్వయంగా చూశాను. ముక్కు కొన దగ్గర వాపు పూర్తిగా దిగడానికి ఏడాది పడుతుంది. పెళ్లి ఫోటోల్లో పడేది వాచిన ముక్కే.

2. బోర్డు మీద కాదు, రిజిస్టర్‌లో చూడండి

మన దేశంలో ప్లాస్టిక్ సర్జన్ కావాలంటే మామూలు దారి ఇది: ఎంబీబీఎస్, తర్వాత మూడేళ్లు జనరల్ సర్జరీలో ఎంఎస్, ఆపైన ఇంకో మూడేళ్లు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్. లేదా దానికి సమానమైన డీఎన్‌బీ, ఇప్పుడు దాన్నే డీఆర్‌ఎన్‌బీ అంటున్నారు. మొత్తం కలిపితే పదకొండేళ్లు దాటుతుంది. "కాస్మెటిక్ సర్జన్", "ఏస్థెటిక్ ఎక్స్‌పర్ట్" అనేవి డిగ్రీలు కావు. ఎక్కడో కొన్ని వారాలు కోర్సు చేసి వచ్చినవాళ్లు కూడా బోర్డు మీద ఆ మాటలు రాసుకోవచ్చు.

చేయాల్సిన పని చిన్నది. ప్రిస్క్రిప్షన్ మీద రిజిస్ట్రేషన్ నంబర్ ఉండి తీరాలని వైద్యుల ప్రవర్తనా నియమావళి, 2002 చెబుతోంది. ఆ నంబర్ తీసుకుని నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఇండియన్ మెడికల్ రిజిస్టర్, అంటే నమోదైన డాక్టర్ల జాబితా, తెరిచి వెతకండి. ఎంబీబీఎస్ పక్కన అదనపు అర్హతల్లో ప్లాస్టిక్ సర్జరీ ఎంసీహెచ్ కనిపించాలి. కనిపించకపోతే మొహమాటపడకుండా ఆయన్నే అడగండి. అసలు డిగ్రీ ఉన్నవాళ్లకి ఆ ప్రశ్న కోపం తెప్పించదు. అసోసియేషన్ ఆఫ్ ప్లాస్టిక్ సర్జన్స్ ఆఫ్ ఇండియాలో సభ్యత్వం ఉందా అని కూడా చూడొచ్చు.

ఇదంతా చాదస్తం అనుకునేవాళ్లకి రెండు సంగతులు. 2016లో ఇదే చెన్నైలో 22 ఏళ్ల వైద్య విద్యార్థి హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్న తర్వాత చనిపోయాడు. ఆ సెంటర్‌కి సెలూన్ నడపడానికి మాత్రమే లైసెన్స్ ఉందని అప్పట్లో వార్తలు వచ్చాయి. చదివేది వైద్యమే అయినా కుర్రాడు అక్కడే పడ్డాడు. 2022లో హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ గురించి నేషనల్ మెడికల్ కమిషన్ మార్గదర్శకాలు ఇస్తూ, వర్క్‌షాపులోనో యూట్యూబ్‌లోనో చూసినంత మాత్రాన శిక్షణ అయిపోదని రాయాల్సి వచ్చింది. అంత మాట రాశారంటే బయట ఏం జరుగుతోందో ఊహించుకోండి.

3. కనీసం ఇద్దరిని కలవండి

నేను ముగ్గురిని కలిశాను. మొదటి చోట డాక్టర్ కంటే ముందు "కౌన్సెలర్" వచ్చింది. టీ ఇచ్చింది, టాబ్‌లో ఫోటోలు చూపించింది, ఈఎంఐ లెక్క వేసింది. "ఈ రోజు అడ్వాన్స్ కడితే ఇరవై శాతం తగ్గింపు మేడమ్" అంది. డాక్టర్ లోపలికి వచ్చి నాలుగు నిమిషాలు ఉన్నారు, అందులో రెండు నిమిషాలు ఫోన్‌లోనే. పొట్ట ముట్టుకోలేదు. చీరల షాపులో ఆషాఢం డిస్కౌంట్ సరే, మత్తు ఇచ్చి కోసే చోట ఎందుకు?

మూడో డాక్టర్ గది కీల్పాక్‌లో, పాత బిల్డింగ్‌లో, లిఫ్ట్ కూడా లేదు. ఆయన నన్ను పడుకోబెట్టి తల కొంచెం పైకి లేపమన్నారు. విడిపోయిన కండరాల మధ్య నిలువుగా మూడు వేళ్లు పెట్టి, ఆ వేళ్లని నాకే చూపించారు. ప్రిస్క్రిప్షన్ వెనక పెన్నుతో పొట్ట బొమ్మ గీసి, కుట్టు ఒక నడుము ఎముక నుంచి ఇంకో నడుము ఎముక దాకా వస్తుందని గీత లాగారు. నేను అనుకున్నదానికి రెట్టింపు పొడుగు. "ఈ గీత మీకు ఒప్పుకోలేనిదైతే ఇప్పుడే చెప్పండి" అన్నారు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. "ఇలా చెయ్యను, రెండు నెలలు ఐరన్ వేసుకుని రండి" అని పంపేశారు. అడ్వాన్స్ అడగలేదు. ఆయన్నే ఎంచుకున్నాను.

అడగాల్సినవి:

ఇదే ఆపరేషన్ ఏడాదికి ఎన్ని చేస్తారు? మొదటి నుంచి చివరిదాకా మీరే చేస్తారా?

మీరు చేసినవాళ్ల ఫోటోలు చూపిస్తారా? చూపిస్తే, ముందూ తర్వాతా ఒకే వెలుతురు, ఒకే కోణం ఉందో లేదో చూడండి. ముందు ఫోటోలో వంగి, తర్వాతి ఫోటోలో నిటారుగా నిలబడితే సగం పని నిలబడటమే చేసిపెడుతుంది. ఏడాది తర్వాతివి అడగండి, నెల తర్వాతివి కాదు. పేషెంట్ల అనుమతితో తీసినవేనా అని కూడా అడగండి, రేపు మీ ఫోటో కూడా ఆ టాబ్‌లో ఉండొచ్చు.

తేడా వస్తే ఏం చేస్తారు? అసలు ప్రశ్న ఇదే. "మా దగ్గర అలాంటివి రావు" అన్నారంటే చెప్పులు వేసుకోండి. రక్తం గడ్డకట్టి నిలవడం, చర్మం కింద నీరు చేరడం, ఇన్ఫెక్షన్, కుట్టు దగ్గర చర్మం నల్లబడి చచ్చిపోవడం ఎంత మంచి చేతుల్లోనైనా అప్పుడప్పుడు జరుగుతాయి. వాటికి ఏం చేస్తారో, రాత్రి రెండింటికి ఎవరికి ఫోన్ చేయాలో, మళ్లీ సరిచేయాల్సి వస్తే ఏ ఖర్చు ఎవరిదో చెప్పగలిగినవాళ్లు కావాలి.

4. ఎక్కడ చేస్తారు, మత్తు ఎవరిస్తారు

సర్జన్ గురించి నెల రోజులు ఆరా తీసి, మత్తు డాక్టర్ గురించి ఒక్క ప్రశ్న కూడా వేయనివాళ్లే ఎక్కువ. జనరల్ అనస్థీషియా అయితే అర్హత ఉన్న అనస్థటిస్ట్ మీరు లేచేదాకా పక్కనే ఉండాలి, ముందురోజు మిమ్మల్ని పరీక్షించాలి. ఆసుపత్రిలో ఐసీయూ ఉందా, లేకపోతే ఏ ఆసుపత్రికి తరలిస్తారు, అంబులెన్స్ ఉందా అని అడగండి. 2022 మేలో బెంగళూరులో 21 ఏళ్ల కన్నడ టీవీ నటి కొవ్వు తీసే ఆపరేషన్ తర్వాత పరిస్థితి విషమించి, వేరే ఆసుపత్రికి తరలించినా బతకలేదు.

తమిళనాడు క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉందా చూడండి. ఒకే సిట్టింగ్‌లో ఐదు లీటర్లు దాటి కొవ్వు తీయడాన్ని వైద్యంలో భారీ లైపోసక్షన్ కింద లెక్కేస్తారు. అలాంటిది పొద్దున చేసి సాయంత్రం ఇంటికి పంపిస్తామంటే ఒప్పుకోకండి.

5. డబ్బు, కాగితాలు

ఎస్టిమేట్ విడివిడిగా రాయించుకోండి: సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్, థియేటర్, గది, బిగుతు బెల్టు, మందులు, తర్వాతి విజిట్లు. అందం కోసం చేసే సర్జరీకి 18 శాతం జీఎస్టీ పడుతుంది. పుట్టుకతో వచ్చిన లోపానికో, ప్రమాదంలో పోయిన ఆకారాన్ని తిరిగి తేవడానికో చేసేదానికి ఉండదు. హెల్త్ ఇన్సూరెన్స్ కూడా అంతే. కాలిన గాయాలు, ప్రమాదం, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి క్లెయిమ్‌కి వీలుంటుంది, ముక్కు సన్నబడటానికి ఉండదు. మీది పునర్నిర్మాణం కోవలోకి వస్తే ప్రైవేటుకి పరుగెత్తే ముందు స్టాన్లీ, కీల్పాక్ ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ప్లాస్టిక్ సర్జరీ విభాగాల్లో కూడా చూపించుకోండి.

అంగీకార పత్రం ఇంగ్లీషులోనో తమిళంలోనో ఉంటుంది. నాకు తమిళం మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. నర్సు "ఇంగ సైన్ పన్నుంగ" అని వేలు పెట్టి చూపిస్తే సంతకం చేసేయకుండా, ప్రతి పేరా చెప్పించుకున్నాను. చెన్నై ఆసుపత్రుల్లో వెతికితే తెలుగు వచ్చిన నర్సో డాక్టరో దొరుకుతారు, అడగడానికి సిగ్గెందుకు? ఏ ఆపరేషన్‌కి ఒప్పుకున్నారో అదే చేయాలని, ప్రాణాపాయం ఉంటే తప్ప అదనంగా ఏదీ చేయకూడదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

6. ముందు నాలుగు వారాలు

సిగరెట్ పూర్తిగా మానాలి, కనీసం ఆపరేషన్‌కి నాలుగు వారాల ముందు నుంచి, నాలుగు వారాల తర్వాత దాకా. నికోటిన్ రక్తనాళాలను కుంచింపజేస్తుంది, అప్పుడు కుట్టు దగ్గరి చర్మానికి రక్తం అందదు. ఖైనీ, గుట్కా, వేప్ కూడా నికోటినే. "రోజుకి ఒక్కటే" అని డాక్టర్‌తో అబద్ధం చెబితే చచ్చేది మన చర్మమే.

ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, చేపనూనె మాత్రలు, గర్భనిరోధక మాత్రలు, ఆయుర్వేదం చూర్ణాలు ఏం వాడుతున్నా అన్నీ జాబితా రాసి చూపించండి. కొన్ని రక్తస్రావం పెంచుతాయి, కొన్ని రక్తం గడ్డకట్టే ముప్పు పెంచుతాయి. ఏది ఆపాలో డాక్టరే చెప్పాలి, గుండె మందులు సొంతంగా ఆపేయకండి. షుగర్ ఉంటే మూడు నెలల సగటు పరీక్ష చేయించుకోండి.

ఊరి నుంచి వచ్చేవాళ్లు గ్రీమ్స్ రోడ్ చుట్టుపక్కల రోజువారీ అద్దె గదుల్లో దిగుతారు. టమ్మీ టక్‌లాంటి పెద్ద ఆపరేషన్ అయితే పది రోజులకు తక్కువ పెట్టుకోకండి. నెల్లూరు ఇక్కడికి 175 కిలోమీటర్లే కదా అని మూడో రోజే కారెక్కితే, ప్రతి స్పీడ్ బ్రేకరూ కుట్టులో తెలుస్తుంది.

7. మొదటి మూడు రోజులు

లేచాక మొదటి సంగతి: పొట్ట చదునుగా లేదు. వాచి, ఉబ్బి, బెల్టులో బిగించి ఉంది. లైపోసక్షన్ చేయించుకున్నవాళ్లకి ఒకటి రెండు రోజులు ఎర్రటి నీళ్లలాంటి ద్రవం కారుతుంది. అది చూసి చాలామంది హడలిపోతారు. లోపలికి ఎక్కించిన సెలైన్ కొంచెం రక్తంతో కలిసి బయటికి రావడమే అది. పాత దుప్పటి పరుచుకోండి.

నాకు రెండు డ్రెయిన్లు పెట్టారు. చర్మం కింద చేరే ద్రవాన్ని లాగే సన్న గొట్టాలు, చివర నిమ్మకాయంత రబ్బరు బుడ్డి. పొద్దున ఆరింటికీ రాత్రి పదింటికీ అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని, బుడ్డిని ట్యూబ్‌లైట్ కిందికి ఎత్తి పట్టుకుని గీత చూసేది. పాల లెక్క రాసే క్యాలెండర్‌లో, అర లీటరు గీతల పక్కనే రాసేది: కుడి 40, ఎడమ 35. ఇరవై నాలుగు గంటల్లో 30 మిల్లీలీటర్ల కంటే తగ్గితే తీస్తామన్నారు. ఎనిమిదో రోజు కుడిది తీశారు, పదకొండో రోజు ఎడమది. ఆ పేజీ అమ్మ ఇంకా చించలేదు.

పడుకునే తీరు: వీపు కింద రెండు దిండ్లు, మోకాళ్ల కింద ఒకటి. వారం రోజులు వంగే నడవాలి, నిటారుగా నిలబడితే కుట్టు లాగుతుంది. కానీ మొదటి రోజు నుంచే నడవాలి. బాత్రూమ్‌దాకా అయినా సరే, గంటకోసారి కాళ్లు ఆడించాలి. కదలకుండా పడుకుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టి, అది ఊపిరితిత్తులకి చేరే ప్రమాదం ఉంది. "కదలొద్దమ్మా, రెస్ట్ తీసుకో" అనే ప్రేమ ఇక్కడ పనికిరాదు.

పత్యం గొడవ కూడా ఉంటుంది. మా ఇంట్లో "పప్పు తింటే చీము పడుతుంది" అని పదిహేను రోజులు కారప్పొడి అన్నమే పెట్టబోయారు. గాయం మానాలంటే కావాల్సింది ప్రోటీనే. పప్పు, గుడ్డు, పెరుగు, చేప తినండి. డాక్టర్ చేత అమ్మకి ఫోన్‌లో చెప్పించాక గానీ మా ఇంట్లో ముద్దపప్పు దిగలేదు. నొప్పి మాత్రలతో మలబద్ధకం ఖాయం, పొట్ట కుట్టుతో ముక్కడం నరకం. నీళ్లు, పండ్లు, అవసరమైతే డాక్టర్ రాసిచ్చిన విరేచనం మందు తీసుకోండి.

మూడో రోజు ఏడుపొస్తుంది. నాకు వచ్చింది. అద్దంలో వాచిన ఒళ్లు, కంపు కొట్టే బెల్టు, పిల్లాడు ఎత్తుకోమని చేతులు చాపితే ఎత్తుకోలేకపోవడం. ఎందుకు చేయించుకున్నానా అనిపించింది. మత్తు, మందులు, నిద్రలేమి అన్నీ కలిసి చేసే పని అది. వారం పది రోజుల్లో తేలికపడుతుంది, నెల దాటినా వదలకపోతే డాక్టర్‌కి చెప్పండి.

8. వెంటనే ఫోన్ చేయాల్సినవి

ఒక్కసారిగా ఒకవైపు మాత్రమే వాచి గట్టిపడటం. ఒక పిక్కలో నొప్పి, వాపు. ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే ఫోన్ కూడా కాదు, 108కి చేసి ఎమర్జెన్సీకి వెళ్లండి. 101 దాటిన జ్వరం, కుట్టు దగ్గర పెరిగే ఎరుపు, వాసన వేసే చీము. చర్మం నల్లబడటం. కనురెప్పల ఆపరేషన్ తర్వాత చూపు మసకబారితే నిమిషం కూడా ఆగొద్దు.

9. ఏది ఎన్నాళ్లు

ముక్కు: ఆకారం కదలకుండా పైన పెట్టిన గట్టి అచ్చు దాదాపు వారానికి తీస్తారు. కళ్ల కింద కమిలిన మచ్చలు ఊదా, ఆకుపచ్చ, పసుపు రంగులు మారి రెండు వారాల్లో పోతాయి. కళ్లజోడు నెలా నెలన్నర ముక్కు మీద ఆననివ్వకూడదు.

కనురెప్పలు: కుట్లు ఐదు నుంచి ఏడు రోజుల్లో తీస్తారు.

మగవాళ్ల ఛాతీ తగ్గించే సర్జరీ: వారంలో ఆఫీసుకి వెళ్లొచ్చు, జిమ్ము నెల దాటాకే. బిగుతు బనియను నాలుగు నుంచి ఆరు వారాలు.

హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్: నాటిన వెంట్రుకలు మొదటి నెలా నెలన్నరలో రాలిపోతాయి. మోసపోయామని గొడవకు వెళ్లకండి, కుదుళ్లు లోపలే ఉంటాయి. మూడు నాలుగు నెలలకి మొలుస్తాయి, పూర్తి ఫలితానికి ఏడాది.

లైపోసక్షన్, టమ్మీ టక్: బెల్టు ఆరు వారాలు, బరువులు ఎత్తడం ఆరు వారాలు బంద్. నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్, పిల్లలు అన్నీ అందులోకే వస్తాయి. వాపు దిగి అసలు ఆకారం తెలియడానికి మూడు నుంచి ఆరు నెలలు.

చెన్నై ఉక్కలో బెల్టు గురించి ఎవరూ చెప్పని మాట: రెండు కొనండి. ఒకటి ఉతికి ఆరేసేలోగా ఇంకొకటి. లోపల పల్చటి నూలు బనియను వేసుకుంటే చెమటకాయలు తగ్గుతాయి. వీలుంటే మే నెల తప్పించి, వానలు వెలిసాక డిసెంబరు చివర్లోనో జనవరిలోనో పెట్టుకోండి. నేను ఏప్రిల్‌లో చేయించుకున్నాను, నా తెలివి అంత.

10. మచ్చ

మొదటి రెండు మూడు నెలలు మచ్చ ఇంకా ఎర్రగా, గట్టిగా, ముందుకంటే అసహ్యంగా కనిపిస్తుంది. మానే క్రమం అదే. పూర్తిగా మెత్తబడి రంగు తగ్గడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర. గాయం పూర్తిగా మూసుకున్నాక డాక్టర్ చెప్పినప్పటి నుంచి సిలికాన్ జెల్ రాయండి, ఎండ తగిలే చోటైతే సన్‌స్క్రీన్ తప్పదు. మన రంగు చర్మానికి నల్లబడటం, కీలాయిడ్లు (గాయం హద్దు దాటి ఉబ్బెత్తుగా పెరిగే మచ్చలు) ఎక్కువ. చెవి కుట్టించుకున్న చోటో, టీకా వేసిన చోటో మీకు అలా ఉబ్బి ఉంటే, మొదటి కన్సల్టేషన్‌లోనే చూపించండి. పసుపు, కొబ్బరినూనె తెరిచి ఉన్న గాయం మీద వద్దు.

11. ఫైలు

ఆపరేషన్ నోట్స్, డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు, ఇంప్లాంట్ పెట్టి ఉంటే దాని సీరియల్ నంబర్ స్టిక్కర్ అన్నీ ఒక ఫైల్లో పెట్టండి. మీ వైద్య రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నియమాలు చెబుతాయి. గొడవ తప్పకపోతే ముందు రాతపూర్వకంగా డాక్టర్‌కి, తర్వాత తమిళనాడు మెడికల్ కౌన్సిల్‌కి రాయొచ్చు. పరిహారానికి వినియోగదారుల కమిషన్ ఉంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల రక్షణ చట్టం కిందకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది.

ఫలితం నచ్చలేదని ఆరు నెలలకే మళ్లీ కోయించుకోకండి, కణజాలం ఇంకా మెత్తబడి ఉండదు. నా కుట్టుకి కుడి చివర చిన్న మడత మిగిలింది. డాక్టర్లు దాన్ని డాగ్ ఇయర్ అంటారట. చీర కట్టుకుంటే కనపడదు, నాకు మాత్రం వేలికి తగిలేది. మూడో నెలలో చూపిస్తే "సగం వాటంతట అవే సర్దుకుంటాయి, ఏడాది చూద్దాం" అన్నారు. సర్దుకోలేదు. పదమూడో నెలలో ఆ చోటు వరకే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, నాతో నెల్లూరు చేపల పులుసు గురించి మాట్లాడుతూ ఇరవై నిమిషాల్లో తీసేశారు. ఎస్టిమేట్‌లో రాసినట్టే సర్జన్ ఫీజు తీసుకోలేదు, డ్రెస్సింగ్ సామానుకి మాత్రం బిల్లు వేశారు.